వేడికి చెదరని పింగాణి: కార్డియరైట్

ఎడ్లబండి చక్రమునకు ఇనుప పట్టా బిగించుట చూచినవారు మన పంచాయతి సభ్యులలో ఇంకను పలువురు ఉందురు. కమ్మరి ఆ పట్టాను చక్రము చుట్టుకొలతకంటె కొంచెము తక్కువగా కొట్టి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, పట్టకారులతో ఎత్తి చక్రముపై దించును. వెంటనే నీళ్ళు కుమ్మరింపగా పట్టా ముడుచుకొని, ఆకులును పూటీలును ఒకదానినొకటి కఱచుకొని నిలుచును. ఇందులోని మర్మము వేడికి ఇనుము సాగుటయే. నాలుగున్నర మీటర్ల పొడవు గల పట్టా 500 డిగ్రీల సెంటిగ్రేడు వేడి యెక్కినచో సుమారు 27 మిల్లీమీటర్లు, అనగా బొటనవ్రేలి వెడల్పునకు కొంచెము మించి, పొడవు పెరుగును. చల్లారినప్పుడు ఆ పెరుగుదల యంతయు బిగువుగా మారును.

కమ్మరికి మేలు చేయు ఈ గుణమే కుమ్మరికి కీడు చేయుచున్నది. మట్టి పలకను హఠాత్తుగా నిప్పునకు చూపినప్పుడు పై పొర ముందుగా వేడెక్కి సాగ జూచును. లోపలి భాగమింకను చల్లగా నుండి దానిని సాగనీయదు. ఇనుమైనచో వంగి సర్దుకొనును. కాలిన మట్టికి వంగుట తెలియదు. వేడి వస్తువును హఠాత్తుగా చల్లార్చినచో ప్రమాదము ఇంకను ఎక్కువ. అప్పుడు పై పొర ముడుచుకొన బోవును, వేడిగా నున్న లోపలి భాగము దానిని చాచి పట్టుకొనును. మట్టి వస్తువు పైనుండి మోపిన బరువును ఎంతయైనను ఓర్చును గాని ఇరువైపుల లాగుటను ఓర్వజాలదు. కనుకనే నెఱ్ఱె విచ్చును. మరిగిన పాలు పోయగా గాజు గ్లాసు పగులుటయు, కొత్త రాచిప్పను కొన్ని దినములు గంజితోను నూనెతోను పదును చేసి, సన్నని సెగకు అలవాటు చేసిన పిమ్మటనే పులుసు కాచుటయు ఇందులకే.

ఆవములో పగిలిన కుండలన్నిటికిని ఇదియొక్కటే కారణమని మేము చెప్పుట లేదు. తడి యారని కుండ లోపలి నీరు ఆవిరియై బ్రద్దలు చేయుట వేరు. మట్టిలోని ఇసుక రేణువులు 573 డిగ్రీల యొద్ద ఒక్కసారిగా ఉబ్బుట వేరు. అనుభవము గల కుమ్మరి తొలి జామున మంటను సన్నముగా ఉంచుట ఈ రెండింటికిని విరుగుడుగానే. కాని ఎంత నిదానముగా కాల్చినను, ఒకే పలకను నెలకు పది పర్యాయములు కొలిమిలో పెట్టి తీసిన యెడల అది ఎన్నాళ్ళో నిలువదు. దానికి కావలసినది వేడికి దాదాపుగా సాగని పదార్థము. అట్టిది కలదు. దాని పేరు కార్డియరైట్.

ఇది శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలకు సంబంధించిన విషయము గదా, గ్రామ పంచాయతికి దీనితో నేమి పని యని కొందరు అడుగవచ్చును. ఈ పదార్థమునకు ముఖ్యమైన ముడి సరుకు బలపపు రాయి. దీనిని వ్యాపారులు సోప్ స్టోన్ అనియు స్టీయటైట్ అనియు అందురు. ఇది నంద్యాల జిల్లా బేతంచెర్ల మండలములోని ముద్దవరము ప్రాంతమునను, అనంతపురము జిల్లా తాడిపత్రి ప్రాంతమునను దొరకుచున్నది. 2015 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము చిన్న తరహా ఖనిజములుగా ప్రకటించిన 31 ఖనిజములలో బలపపు రాయి, తెల్ల మట్టి, కొలిమి మట్టి కూడ ఉన్నవి. ఊరి పొలిమేరలో పొడి మర పెట్టుదుమనియు, పింగాణి కర్మాగారము కట్టుదుమనియు వచ్చువారు మొదట తట్టునది పంచాయతి తలుపే. చిన్న పరిశ్రమలును, గ్రామీణ కుటీర పరిశ్రమలును రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతులకు అప్పగింపదగిన విషయములుగా చేర్చబడినవి. వచ్చినవాడు చెప్పునది నిజమో కాదో తెలిసికొనుటకైనను సభ్యులకు ఈ పనిని గూర్చి కొంత తెలిసియుండవలెను.

కార్డియరైట్ ప్రకృతిలో దొరకు ఖనిజమే. ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త పియేర్ కార్డియే (1777–1861) పేరున దీనికి ఆ నామము కలిగినది. మన తూర్పు కనుమలలోని కొన్ని పురాతన శిలలలో కూడ ఇది కలదు. నీలి వన్నె గల స్వచ్ఛమైన ముక్కలను రత్నముగా కోసి, అయొలైట్ అను పేరున అమ్ముదురు. అయితే కర్మాగారములలో వాడునది కొండలనుండి త్రవ్వి తెచ్చినది కాదు. పొడులను కలిపి, కాల్చి, కొలిమిలో పుట్టించినది. మెగ్నీషియా, అల్యూమినా, సిలికా అను మూడు పదార్థములు ఒక నిర్ణీత పాళములో వేడికి కలసి ఈ స్ఫటికము నేర్పఱచును. తూకమున నూటికి సుమారు 14 పాళ్ళు మెగ్నీషియా, 35 పాళ్ళు అల్యూమినా, 51 పాళ్ళు సిలికా ఉండవలెను.

దీని గొప్పతనము పోల్చి చూచిన గాని తెలియదు. ఒక మీటరు పొడవు గల కడ్డీలను 1000 డిగ్రీలు వేడి చేసితిమనుకొందము. ఇనుప కడ్డీ 12 మిల్లీమీటర్లకు పైగా సాగును. బలపపు రాతి పొడితో చేసి కాల్చిన పింగాణి 8 లేక 9 మిల్లీమీటర్లు, మనము కాఫీ త్రాగు కప్పుల పింగాణి 5 లేక 6 మిల్లీమీటర్లు సాగును. కార్డియరైట్ కడ్డీ సాగునది సుమారు 2 మిల్లీమీటర్లు మాత్రమే. మేలు రకమైనచో అంతకంటెను తక్కువ. బలపపు రాయి ఒక్కటే కాల్చినచో అంతగా సాగుచుండగా, అదే రాయి తెల్ల మట్టితోను అల్యూమినాతోను కలసి కొత్త స్ఫటికముగా మారినప్పుడు సాగుట మఱచిపోవుట వింతయే. దీనికి కారణము స్ఫటికపు అమరికలో కలదు. దానిలోని పరమాణువులు ఆఱేసి గూళ్ళ వలయములుగా పేర్చబడి, వలయముల నడుమ పొడవైన సొరంగములు విడిచియుండును. వేడెక్కినప్పుడు స్ఫటికము అడ్డముగా కొంచెము సాగును, నిలువుగా కొంచెము ముడుచుకొనును. లక్షల స్ఫటికములు నానా దిక్కులకు తిరిగియుండు పలకలో ఈ రాబడియు ఖర్చును దాదాపు సరిపోవును.

ఈ గుణము ఎంత ఉపయోగపడినదో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1970 దశకపు తొలి యేండ్లలో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో పనిచేయుచుండిన రాడ్నీ బాగ్లీ, ఇర్విన్ లాక్మన్, రొనాల్డ్ లూయిస్ అను ముగ్గురు మోటారు కార్ల పొగను శుద్ధి చేయు సాధనమునకు కార్డియరైట్ దిమ్మెను రూపొందించిరి. అది చూచుటకు తేనెపట్టు వలె నుండును. చదరపు అంగుళమునకు వందల కొలది సన్నని గొట్టములు, వాని నడుమ కాగితము వంటి గోడలు. ఆ గోడలపై పూసిన ప్లాటినము జాతి లోహములు పొగలోని విషవాయువులను మార్చివేయును. కారు కదలిన కొద్ది నిమిషములలో ఆ దిమ్మె చల్లని స్థితినుండి వందల డిగ్రీల వేడికి చేరును. ఇది దినమునకు పలుమార్లు జరుగును. మామూలు పింగాణియైనచో వారము తిరుగకముందే పెంకులగును. దీనిని చేయు విధానము మన ఇండ్లలో జంతికలు వత్తు విధానమే: తడి ముద్దను చిల్లుల అచ్చులోనుండి బలముగా త్రోయుదురు. అట్లు త్రోయునప్పుడు రేకుల వంటి మట్టి కణములు గోడ పొడవునకు వాలి పడుకొనును. తత్ఫలితముగా కాలిన పిమ్మట స్ఫటికములు కూడ ఒకే వరుసలో నిలిచి, గొట్టముల పొడవున సాగుట ఇంకను తగ్గుచున్నదని లాక్మన్, లూయిస్‌లు కనుగొనిరి. మన దేశములో 1995 ఏప్రిల్ 1 నుండి ఢిల్లీ, ముంబాయి, కోల్‌కతా, చెన్నై నగరములలో కొత్త పెట్రోలు కార్లకు ఇట్టి సాధనము తప్పనిసరి చేయబడినది. తరువాత అది దేశమంతటికిని వ్యాపించినది. నేడు మన ఊరి వీధిలో తిరుగు కారు క్రింద వ్రేలాడు ఇనుప పెట్టెలో బలపపు రాయియు తెల్ల మట్టియు కలసిన దిమ్మె యున్నదని తెలిసినవారు అరుదు.

ఇక తయారీ విషయమునకు వత్తము. దీనికి రెండు మార్గములు గలవు. ఖనిజముల పొడులతో చేయుట ఒకటి, రసాయన శాలలలో శుద్ధి చేసిన పొడులతో చేయుట రెండవది. మొదటిది చౌక, వాడుకలో నున్న సరుకులో అధిక భాగము ఈ మార్గముననే తయారగుచున్నది.

ఖనిజ మార్గములో మెగ్నీషియా బలపపు రాతి పొడినుండి వచ్చును. అల్యూమినాలో సగము పైచిలుకు తెల్ల మట్టినుండి వచ్చును. సిలికా ఈ రెండింటినుండియు లభించును. అల్యూమినాలో పడిన కొఱతను శుద్ధమైన అల్యూమినా పొడితో పూరింతురు. లెక్క కట్టి చూడగా 100 కిలోల మిశ్రమమునకు బలపపు రాతి పొడి 40 కిలోలు, తెల్ల మట్టి 47 కిలోలు, అల్యూమినా 13 కిలోలు పడును. కాలునప్పుడు రాయి, మట్టి తమలో ఇమిడియున్న నీటిని విడుచును గనుక 100 కిలోలకు మిగులునది సుమారు 91 కిలోలు. ఇది స్వచ్ఛమైన సరుకునకు చెప్పిన లెక్క. కొండనుండి వచ్చిన రాయి అంత స్వచ్ఛముగా నుండదు. కనుక ప్రతి లారీ సరుకును పరీక్ష చేయించి లెక్క మార్చుకొనవలెను. ద్వారకా తిరుమల ప్రాంతమున పింగాణి పనికి వచ్చు మట్టి కలదు. కేరళలో మేలైన తెల్ల మట్టి దొరకును. అల్యూమినా ఒడిశాలోని దామన్‌జోడిలో తయారై విశాఖపట్టణపు రేవునుండి ఎగుమతి యగుచున్నది. ముడి సరుకుల కొఱకు మనము దూరదేశములకు పోనక్కఱ లేదన్నమాట నిజమే. అయితే సరుకు చేతికందుటయు వస్తువు తయారగుటయు ఒకటి కాదు.

మొదటి చిక్కు సున్నము. ముద్దవరపు బలపపు రాయి డోలమైటు రాళ్ళ నడుమ పుట్టినది. డోలమైటులో సున్నము కలదు. అది కొంచెము కలసినను, మట్టిలోని సోడా పొటాషుల వలె, కాలునప్పుడు కరగి గాజుగా మారును. ఆ గాజు పలకను దట్టము చేయును, కాల్చుటను సులభము చేయును. కాని అది సాగు గుణము గలది. కొందరు తయారీదారులు పని తేలిక యగుటకై ఫెల్‌స్పార్ కలుపుచుందురు. పలక చక్కగా మెఱయును, మ్రోగును. నాలుగు కాల్పులలో పగులును. కొనువాడు మోసపోవునది ఇక్కడనే.

రెండవది నూఱుట. మూడు పొడులు కొలిమిలో కరగి నీటి వలె కలసిపోవునని తలంపరాదు. అవి చాల వఱకు గట్టి రేణువులుగానే ఉండి, ఒకదానినొకటి తాకిన చోట మాత్రమే కలసి మార్పు చెందును. రేణువు పెద్దదైనచో దాని నడిమి భాగము మార్పు చెందకుండ మిగిలిపోవును. కనుక అంగుళమునకు 300 కన్నులు గల జల్లెడలోనుండి జారిపోవునంత మెత్తగా నూఱవలెను. గులకఱాళ్ళు వేసిన తిరుగుడు పీపాలో నీటితో కలిపి గంటల తరబడి త్రిప్పుదురు. ఇనుప నలుసులను అయస్కాంతముతో తీసివేయుదురు. ఆ చిక్కని నీటిని బట్టల నడుమ పిండి, ముద్ద చేసి, వస్తువును బట్టి అచ్చులలో నొక్కుటయో, జంతికల వలె వత్తుటయో, పారిస్ ప్లాస్టరు మూసలలో పోయుటయో చేయుదురు. ఆరబెట్టుటలో మన కుమ్మరులకు ఎవ్వరును నేర్పనక్కఱ లేదు.

మూడవదియు కష్టతమమైనదియు కాల్చుట. మామూలు కుండల ఆవము 700 మొదలు 900 డిగ్రీల వఱకు వేడెక్కును. కార్డియరైట్ పలక ఆ వేడికి కాలినట్లు కనబడును గాని లోపల కార్డియరైట్ ఒక్క రవ్వయైనను పుట్టియుండదు. తెల్ల మట్టి 450 మొదలు 600 డిగ్రీల నడుమ నీటిని విడుచును. బలపపు రాయి 850 దాటిన పిమ్మట విడుచును. 1200 వఱకు లోపల వేఱు వేఱు స్ఫటికములు పుట్టి గిట్టుచుండును. 1250 దాటిన పిదప కార్డియరైట్ వేగముగా ఏర్పడ నారంభించును. 1350 మొదలు 1400 డిగ్రీల వఱకు తెచ్చి, కొన్ని గంటలు అదే వేడిలో నిలిపిన గాని పని పూర్తి కాదు. అచ్చటనే గండము కలదు. సుమారు 1355 డిగ్రీల యొద్ద ఈ మూడు పదార్థముల మిశ్రమములో కొంత భాగము కరగుట ఆరంభించును. సుమారు 1465 డిగ్రీల యొద్ద కార్డియరైటే విచ్ఛిన్నమగును. ఇరువది ముప్పది డిగ్రీలు తక్కువైనచో పలక పచ్చిగా మిగులును, ఇరువది ముప్పది డిగ్రీలు ఎక్కువైనచో మెత్తబడి వంగును. అన్నము పలుకుగా నుండుటకును మాడుటకును నడుమ నున్న వ్యవధి వంటింటిలో ఇంతకంటె ఎక్కువే.

అంతటి వేడిని కంటితో కొలుచుట ఎవరి తరమును కాదు. ఇందులకు విద్యుత్ ఉష్ణమాపకములు గలవు. వానితోపాటు సెగర్ శంకువులను కూడ వాడుదురు. 1886 లో బెర్లిన్ నగరములో హెర్మన్ సెగర్ అను రసాయన శాస్త్రవేత్త వీనిని కనిపెట్టెను. ఇవి చిటికెనవ్రేలంత పొడవు గల మట్టి గోపురములు. ఒక్కొక్క అంకె గల గోపురము ఒక్కొక్క వేడికి తల వంచును. కొలిమి గోడకు విడిచిన కన్నములోనుండి చూచి, ఏ గోపురము తల వంచెనో గమనించి మంట నిలుపుదురు. ఉష్ణమాపకము ఆ క్షణపు వేడిని చెప్పును. శంకువు పలక తిన్న వేడిని చెప్పును. రెండును కావలెను.

బలము విషయము వేఱుగా చెప్పవలసియున్నది. సాగని గుణమును బలమును ఒకే వస్తువులో సాధించుట సులభము కాదు. పలకలోని స్ఫటికములు పెద్దవైనచో, చల్లారునప్పుడు వాని నడుమ కంటికి కనబడని సన్నని బీటలు పుట్టును. ఈ బీటలు సాగుటకు చోటిచ్చి, వేడి దెబ్బను ఓర్చుకొనుటకు తోడ్పడును. కాని బరువు మోయు శక్తిని తగ్గించును. స్ఫటికములను సన్నముగా ఉంచి, రంధ్రములు లేకుండ దట్టముగా కాల్చినచో బలము పెరుగును. కాని అట్టి పలకలో ఒకసారి పగులు పుట్టినచో అది ఆగక ఈ చివరనుండి ఆ చివరకు పారును. కనుక ఏ పనికి ఏది కావలెనో చూచుకొనవలెను. కొలిమిలో బరువు మోయు పలకలకు, ముందే కాల్చి దంచిన ముతక నూకను సన్నని పొడితో కలిపి, ముల్లైట్ అను మఱియొక గట్టి స్ఫటికమును చేర్తురు. ముల్లైట్ వలన సాగుట కొంచెము పెరిగినను, వేడిలో వంగకుండ నిలుచు శక్తి వచ్చును. విద్యుత్ పొయ్యిలలో తీగను పట్టియుంచు ముక్కలకు అంత బలముతో పని లేదు.

రసాయన పొడుల మార్గము అన్నిటికంటె బలమైన సరుకు నిచ్చును. శుద్ధమైన మెగ్నీషియా, అల్యూమినా, సిలికా పొడులను 1550 డిగ్రీలకు మించి కరగించి, గాజుగా చేసి, తగిన పదార్థముల సాయముతో మఱల వేడి చేసినచో ఆ గాజులోనే సన్నని కార్డియరైట్ స్ఫటికములు మొలచును. అమెరికాలో 1950 దశకమున కనుగొన్న ఈ పద్ధతితో క్షిపణుల ముక్కు కవచములను చేసిరి. గ్రామములకు దీనితో పని లేదు గనుక ఇంతటితో విడిచెదము.

గ్రామములకు పని గలది కొలిమి పలక. మేమొకసారి పచ్చడి జాడీలు, కప్పులు చేయు ఒక చిన్న సంఘపు కొలిమిని తెఱచునప్పుడు అచ్చట నుంటిమి. పై వరుసను మోయుచున్న కొలిమి మట్టి పలక ఒకటి నడుమకు విఱిగి, దానిపైని కప్పులు క్రింది వరుస మీద పడి, మెఱుగు కరగియుండుటచే అన్నియు ఒకే ముద్దగా అంటుకొనియుండెను. పదునైదు దినముల పని. సంఘపు పెద్ద ఆ ముద్దను చేత పట్టుకొని చాలసేపు మాటలాడలేదు. ఆ పలక అంతకు ముందెన్ని సారులు కాలినదని మేమడుగగా, లెక్క వ్రాసి యుంచలేదని చెప్పెను. అదే చోట మంచి కార్డియరైట్ పలక యున్నచో అది ఎప్పటికిని విఱుగదని మేమనము. కాని సుమారు 1250 డిగ్రీల వఱకు పని చేయు కొలిమిలో అది మామూలు పలకకంటె చాల సారులు నిలుచును.

మఱియొక లాభము కట్టెలలో కనబడును. మామూలు కొలిమి మట్టి పలక బలము కొఱకు లావుగా చేయబడును. అంత లావు పలకను ప్రతి కాల్పులోను సరుకుతో సమానముగా వేడి చేయవలెను. 100 కిలోల పలకలను 1200 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 8 కిలోల ఎండు కట్టె ఇచ్చు వేడి పూర్తిగా దానికే చెల్లును. కొలిమి గోడలు త్రాగునది, పొగగొట్టములో పోవునది కలిపినచో అంతకు అనేక రెట్లు కట్టె మండును. సన్నని పలకలు వాడి బరువు సగము చేసినచో ఆ సగపు కట్టె మిగులును. చల్లారుట కూడ త్వరగా జరుగును. కుండలు, ప్రమిదలు, పెంకులు కాల్చు మామూలు ఆవమునకు మాత్రము ఈ పలకలతో అవసరము లేదు. అవసరము లేనివారిచే కొనిపించుట సంఘపు డబ్బును బూడిదలో పోయుటయే.

అయితే గ్రామములోనే కార్డియరైట్ చేయవచ్చునా? మా అభిప్రాయము స్పష్టముగా చెప్పెదము. 1400 డిగ్రీల కొలిమి, ఎడతెగని విద్యుత్తు లేక గ్యాసు, సరుకును ప్రతిసారి పరీక్షించు ఏర్పాటు లేనిచో దీనిని తలపెట్టరాదు. కట్టెల కొలిమిలో 1300 డిగ్రీలు తెచ్చు నేర్పరులు లేకపోలేదు గాని, ఇరువది డిగ్రీల తేడాలో గంటల తరబడి నిలుపుట వేరు. అట్టి వసతులున్న పట్టణములలోని కర్మాగారములకు, శుభ్రముగా నూఱి, సున్నము తీసి, పరీక్ష పత్రముతో పంపు బలపపు రాతి పొడిని అమ్ముట మాత్రము గ్రామములకు సాధ్యమే. రాయిని రాయిగా లారీకెత్తుటకంటె అది మేలు. శిక్షణ కొఱకు గూడూరులో ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ సంస్థ కలదు. పరిశోధన విషయమున 1950 లో నెలకొల్పబడిన కోల్‌కతాలోని కేంద్ర గాజు, పింగాణి పరిశోధనాలయము, ఉత్తర ప్రదేశ్‌లోని ఖుర్జాలో నున్న దాని శాఖ గలవు. ఖుర్జా తరతరములుగా పింగాణి పని చేయు పట్టణము గనుక అచ్చటి శాఖ చిన్న కొలిముల కష్టసుఖములు ఎఱిగినది.

పొడి మరకు పంచాయతి అనుమతి నిచ్చునప్పుడు దుమ్ము విషయమును ఎంత మాత్రమును తేలికగా తీసికొనరాదు. బలపపు రాయి మెత్తనిదే, చేతికి నున్ననిదే. దానితోపాటు వచ్చు పలుగురాతి పొడి మాత్రము ప్రాణాంతకము. కంటికి కనబడనంత సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తులలో దిగినచో మఱల బయటికి రాదు. పది పదునైదేండ్లకు సిలికోసిస్ అను వ్యాధి బయటపడును. దానిని నయము చేయు మందు లేదు. ఆ రోగికి క్షయ కూడ సులభముగా అంటును. దుమ్ములో పని చేయువాడు దగ్గుచున్నప్పుడు బీడీ వలననో, చలి వలననో యని ఊరివారనుకొందురు; కారణము తెలియునప్పటికి కుటుంబమునకు ఆధారము పోవును. పులివెందుల ప్రాంతమున ఇదే విధమైన డోలమైటు రాళ్ళలో రాతినార కూడ పుట్టియుండుటచే, కొత్త గని బలపపు రాతిలో రాతినార లేదని పరీక్ష పత్రము చూపమని అడుగుట పంచాయతికి న్యాయమైన హక్కు.

కావున పొడి మర యజమానిని అడుగవలసిన మొదటి ప్రశ్న "తడిగా నూఱుదువా, పొడిగా నూఱుదువా?" అనునది. తడిగా నూఱినచో దుమ్ము లేవదు. పొడిగా నూఱక తప్పదన్నచో దుమ్మును పీల్చి సంచులలో పట్టు యంత్రము ఉండవలెను. ముక్కునకు కట్టుకొను తువ్వాలు ఈ దుమ్మును ఆపదు; దానిని రక్షణగా చూపువాని మాట నమ్మరాదు. సంచులు నింపు చోటును ప్రత్యేకముగా పోయి చూడవలెను. మరలో దుమ్ము లేకున్నను అచ్చట మోకాలి లోతు తెల్లదనము పేరుకొనియుండుట మేమెఱుగుదుము. ఆ పనికి తఱచుగా స్త్రీలనే పెట్టుదురు. పనివారికి ఏడాదికొకసారి ఛాతి పరీక్ష చేయించు షరతును తీర్మానములోనే వ్రాయించుట మంచిది.

తడిగా నూఱినచో నీటి ప్రశ్న వచ్చును. పాల వలె తెల్లనైన ఆ నీరు విషము కాదు గాని, చెఱువులో పడినచో అడుగున పేరుకొని పూడిక వేయును, తూములను బిగించును. మూడు తొట్లు వరుసగా కట్టించి, ఒకదానిలో తేరిన నీరు మఱియొకదానిలోనికి పొరలునట్లు చేసినచో చివరి తొట్టి నీటిని తిరిగి మరకే వాడుకొనవచ్చును. అడుగున దిగినది వ్యర్థము కాదు. ఎండబెట్టి మఱల మిశ్రమములో కలుపుకొందురు.

కొలిమి పలకలు కొను సంఘములకు కొన్ని పరీక్షలు చెప్పెదము. వీనికి యంత్రములు అక్కఱ లేదు. పలకను దారముతో వ్రేలాడదీసి కఱ్ఱతో తట్టవలెను. గంట వలె మ్రోగిన మంచిది, బొద్దుగా పలికిన లోపల పగులు కలదు. ఒక ముక్కను తూచి, రెండు గంటలు నీటిలో మరగించి, పైతడి తుడిచి మఱల తూచినచో అది త్రాగిన నీరు తెలియును. పలకకును పలకకును ఈ లెక్క చాల తేడాగా వచ్చినచో కాల్పు సమముగా జరుగలేదన్నమాట. ఇక ముఖ్యమైనది వేడి పరీక్ష. అమ్ముడు పోవు సరుకులోనుండి కొనువాడే ఎన్నుకొన్న ఒక ముక్కను ఎఱ్ఱబడునంత కాల్చి, గాలి తగులు చోట ఇటుకలపై పెట్టి చల్లార్చవలెను. ఇట్లు పది సారులు చేసి, ప్రతిసారియు తట్టి చూడవలెను. పదవసారి కూడ మొదటి మ్రోతయే మ్రోగినచో సరుకు నమ్మదగినది. అమ్మువాడు దీనికి ఒప్పుకొననిచో మఱియొక అంగడికి పోవుటయే మేలు. కొన్న పలకలపై తేదీని, కాలిన సారుల గుర్తును ఇనుప మెఱుగుతో వ్రాసి, పద్దు పుస్తకములో ఎక్కించుట మఱువరాదు. పలక అంచున వెండ్రుక వంటి గీత కనబడిన నాడు దానిని పై వరుస బరువు మోయు చోటునుండి తీసి, అన్నిటికంటె పై అంతస్తునకు మార్చవలెను. అచ్చట దానిపై పడు బరువు ఒక్క వరుసదే.